ఎదుటి బండికి ఇన్సూరెన్స్ లేదు: మన కారు, మన దెబ్బల ఖర్చు ఎవరు కడతారు?

కోదాడ కుర్రాడు

అందరికీ నమస్తే. కొంచెం టెన్షన్‌లో రాస్తున్నాను. శనివారం పొద్దుగూకే వేళ హైదరాబాద్ నుంచి కోదాడ వెళ్తున్నాం. సూర్యాపేట దాటాక ఎడమవైపు డొంక రోడ్డు నుంచి వడ్ల బస్తాలతో ఉన్న ట్రాక్టరు ఉన్నట్టుండి హైవే ఎక్కింది. ట్రాలీకి లైటు లేదు, రిఫ్లెక్టరు స్టిక్కరు కూడా లేదు. బ్రేకు గట్టిగానే కొట్టాను, కానీ ట్రాలీ మూల కారు ఎడమ పక్కనంతా చీల్చుకుంటూ పోయింది. బంపరు, ఫెండరు, ముందు డోరు పోయాయి. మా ఆవిడ అటువైపే కూర్చుంది. కాలర్ బోన్ విరిగింది. 108లో సూర్యాపేట తీసుకెళ్ళాం, ఇప్పుడు ఫర్వాలేదు.

ట్రాక్టరు నంబరు ఎంపరివాహన్ (బండి వివరాలు చూపే ప్రభుత్వ యాప్)లో కొట్టి చూస్తే ఇన్సూరెన్స్ ఎప్పుడో అయిపోయింది. ట్రాలీకి నంబరు ప్లేటే లేదు. పైగా ఆర్‌సీ వేరే మండలంలో ఇంకెవరి పేరునో ఉంది. ఇతను ఆయన దగ్గర కొన్నాడట, పేరు మార్చుకోలేదు.

నాది ఫుల్ ఇన్సూరెన్స్. జీరో డెప్ (విడిభాగాల తరుగుదల కోయకుండా కట్టే అదనపు కవర్) లేదు. కారుకు నాలుగో ఏడు నడుస్తోంది, ఇప్పటిదాకా ఒక్క క్లెయిమూ పెట్టలేదు. తెలిసిన ఏజెంటేమో "అవతలి బండికి ఇన్సూరెన్స్ లేకపోతే మీ క్లెయిమ్ పాస్ కాదు" అంటున్నాడు. ఆ ఊరి పెద్దలు 20,000 ఇప్పిస్తాం, కేసు వద్దని కాగితం రాసివ్వండి అంటున్నారు. రేపు మళ్ళీ కూర్చుందాం అన్నారు. ఏం చేయమంటారు?

పాత సర్వేయరు

ముందు మీ ఇంటావిడ త్వరగా కోలుకోవాలి. రేపు ఆ కాగితం మీద మాత్రం సంతకం పెట్టకండి. ఎందుకో తర్వాత చెప్తాను.

మీ ఏజెంటు చెప్పింది పూర్తిగా తప్పు. ఫుల్ ఇన్సూరెన్స్‌లో రెండు భాగాలుంటాయి. ఒకటి ఓన్ డ్యామేజ్, అంటే మీ కారుకు జరిగిన నష్టం. రెండోది థర్డ్ పార్టీ, అంటే మీ కారు వల్ల వేరేవాళ్ళకు జరిగిన నష్టం. మీ కారు రిపేరు మొదటి దాని కిందికి వస్తుంది. అది మీకూ మీ కంపెనీకీ మధ్య ఒప్పందం. మిమ్మల్ని గుద్దింది ఇన్సూరెన్స్ ఉన్న లారీయా, లేని ట్రాక్టరా, రోడ్డు మీది గేదెనా అన్నదానితో ఆ ఒప్పందానికి పని లేదు. తప్పు ఎవరిదైనా సరే కడతారు. వాళ్ళు చూసేది మీ లైసెన్స్ సరిగా ఉందా, పాలసీ ఆ రోజుకు అమల్లో ఉందా, తాగి నడపలేదు కదా, చెప్పిన కథకూ కారు మీది దెబ్బకూ పొంతన ఉందా అన్నవే.

ఆ చివరి మాట ముఖ్యం. నేను ఇన్నేళ్ళ సర్వీసులో ఇలాంటి కారు దగ్గరికి వెళ్తే ముందు టేపు తీసి గీత నేల నుంచి ఎంత ఎత్తులో ఉందో కొలిచేవాణ్ణి. ట్రాలీ మూల ఎత్తూ డోరు మీది గీత ఎత్తూ కలవాలి. గీత ముందు నుంచి వెనక్కి పోయిందా, వెనక నుంచి ముందుకా అన్నది రంగు ఎటు పేరుకుందో చూస్తే తెలిసిపోతుంది. ట్రాలీ రంగు మీ డోరు మీద అంటుకునే ఉంటుంది. అందుకే సర్వేయరు (కంపెనీ తరఫున నష్టం లెక్కగట్టే మనిషి) చూసేదాకా కారు కడిగించకండి, డోరు విప్పించకండి. నష్టం 50,000 దాటితే లైసెన్స్ ఉన్న సర్వేయరు చూడటం ఎలాగూ తప్పనిసరి. ఇవాళే కంపెనీకి ఫోన్ చేసి క్లెయిమ్ నంబరు తీసుకోండి. ఆలస్యమైతే అనవసరంగా ప్రశ్నలు మొదలవుతాయి.

కోదాడ కుర్రాడు

చాలా థాంక్స్ సార్. క్లెయిమ్ నంబరు ఇప్పుడే వచ్చింది. షోరూంవాళ్ళు 62,000 అంచనా వేశారు. ఇందులో నాకెంత పడుతుంది? నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ పెట్టనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) పోతుందని భయంగా ఉంది.

పాత సర్వేయరు

విడివిడిగా రాస్తే చెప్తాను.

కోదాడ కుర్రాడు

బంపరు 8,000. డోరు, ఫెండరు కలిపి 24,000. లేబరు 14,000. పెయింటింగు 16,000.

పాత సర్వేయరు

జీరో డెప్ లేదు కాబట్టి తరుగుదల కోస్తారు. ప్లాస్టిక్, రబ్బరు, బ్యాటరీ, టైర్ల మీద సగం పోతుంది, కారు వయసుతో పని లేదు. కాబట్టి బంపరులో 4,000 మీది. ఇనుప భాగాలకు కారు వయసును బట్టి కోత. మూడేళ్ళు దాటి నాలుగేళ్ళ లోపు అయితే 25 శాతం. డోరు, ఫెండరులో 6,000 మీది. పెయింటింగు బిల్లులో నాలుగో వంతును రంగు కింద లెక్కేసి దాంట్లో సగం కోస్తారు, అంటే 2,000. లేబరుకు కోత లేదు. అన్నీ పోను 50,000 తేలుతుంది. మీది 1500 సీసీ లోపు కారైతే అందులో తప్పనిసరి మినహాయింపు 1,000. మీ చేతి నుంచి 13,000, కంపెనీ నుంచి 49,000. అద్దాలు పగిలి ఉంటే వాటికి తరుగుదల ఉండదు, అదీ గుర్తుంచుకోండి.

ఇక బోనస్. మూడేళ్ళు క్లెయిమ్ లేకపోతే 35 శాతం వచ్చి ఉంటుంది. ఈ క్లెయిమ్‌తో అది సున్నా అవుతుంది. తప్పు మీది కాకపోయినా సున్నాయే. చాలామందికి ఇది అన్యాయంగా అనిపిస్తుంది, నాకూ అలాగే అనిపిస్తుంది. అది నో క్లెయిమ్ బోనసే తప్ప నో ఫాల్ట్ బోనస్ కాదు. కానీ ఆ 35 శాతం ఓన్ డ్యామేజ్ ప్రీమియం మీదే, మొత్తం ప్రీమియం మీద కాదు. ఈ ఏడు కూడా క్లెయిమ్ లేకపోతే వచ్చే ఏడు అది 45 శాతం అయ్యేది, కాబట్టి ఓన్ డ్యామేజ్ ప్రీమియం 8,000 అనుకుంటే మీరు పోగొట్టుకునేది వచ్చే ఏడు 3,600. తర్వాత మళ్ళీ 20 నుంచి మొదలై ఎక్కుతూ పోతుంది. 49,000 వదులుకోవడంలో అర్థం లేదు.

ఓరుగల్లు

ఇన్సూరెన్స్ లేని బండి గుద్దితే ప్రభుత్వమే ఇస్తుంది కదా? హిట్ అండ్ రన్ స్కీం కింద చనిపోతే 2 లక్షలు, గట్టి దెబ్బలైతే 50,000. ఎక్కడో చదివాను.

బెజవాడ వకీలు

ఆ అంకెలు నిజమే. 2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్నాయి. కానీ అది గుద్దిన బండి ఏదో తెలియనప్పుడు మాత్రమే. గుద్ది పారిపోయి నంబరు దొరక్కపోతే ఆర్డీవో స్థాయిలో దరఖాస్తు పెట్టుకోవాలి. ఇక్కడ ట్రాక్టరు దొరికింది, ఓనరు దొరికాడు. కాబట్టి ఆ స్కీం వర్తించదు. బండి తెలిసీ దానికి ఇన్సూరెన్స్ లేకపోతే ఆ భారం బండి యజమాని మీదే పడుతుంది.

ప్రభుత్వం వైపు నుంచి వచ్చేది ఇంకొకటుంది, చాలామందికి తెలియదు. 2025 మే నుంచి క్యాష్‌లెస్ చికిత్స స్కీం వచ్చింది. రోడ్డు ప్రమాదంలో ఎవరు గాయపడ్డా ప్రమాదం జరిగిన రోజు నుంచి ఏడు రోజుల వరకూ 1.5 లక్షల దాకా, గుర్తించిన ఆసుపత్రుల్లో. గుద్దిన బండికి ఇన్సూరెన్స్ ఉందా లేదా అన్నది బాధితుడికి అడ్డు కాదు. కోదాడ తమ్ముడూ, మీవాళ్ళను చేర్చిన ఆసుపత్రి ఆ జాబితాలో ఉందేమో ఇవాళే అడుగు, ఏడు రోజులు దాటనివ్వకు.

ఇప్పుడు అసలు విషయం. మీ ఆవిడ దెబ్బ. ఎముక విరిగితే చట్టం దృష్టిలో అది తీవ్రమైన గాయమే. ఎఫ్‌ఐఆర్ అయిందా?

కోదాడ కుర్రాడు

లేదు సార్. స్టేషన్‌లో రాసి ఇచ్చాం కానీ "ఊళ్ళో మాట్లాడుకుంటున్నారుగా" అని ఆపారు. ట్రాక్టరు మాత్రం స్టేషన్ ఆవరణలోనే ఉంది.

బెజవాడ వకీలు

అయితే రేపు ఊళ్ళోకి కాదు, స్టేషన్‌కి వెళ్ళు. ఎఫ్‌ఐఆర్ చేయించు. నిర్లక్ష్యంగా నడపడం, తీవ్ర గాయం చేయడం మీద భారతీయ న్యాయ సంహిత సెక్షన్లు 281, 125 పడతాయి. ఇన్సూరెన్స్ లేకుండా తిప్పినందుకు మోటారు వాహనాల చట్టం 146, 196. ఆ 196 కింద మొదటిసారి జరిమానా 2,000 మాత్రమే, లేదా మూడు నెలల వరకూ జైలు. జనం ఆ 2,000కు భయపడరు. భయపడాల్సింది దాని తర్వాత వచ్చే నష్టపరిహారానికి.

ఎఫ్‌ఐఆర్ అయ్యాక పోలీసులు 48 గంటల్లో మొదటి ప్రమాద నివేదిక, 90 రోజుల్లో పూర్తి నివేదిక క్లెయిమ్స్ ట్రిబ్యునల్‌కు (ప్రమాదాల పరిహారం తేల్చే కోర్టుకు) పంపాలి. దాన్ని డీఏఆర్ అంటాం. ఆ నివేదికనే ట్రిబ్యునల్ పరిహారం దరఖాస్తుగా తీసుకోవచ్చు. అయినా దాన్నే నమ్ముకుని కూర్చోవద్దు. ప్రమాదం జరిగిన ఆరు నెలల్లో మీరు సొంతంగా పిటిషన్ వేసుకోండి. ప్రమాదం సూర్యాపేట దగ్గర జరిగినా మీరుండే చోట కూడా వేసుకోవచ్చు.

ఇప్పుడు ట్రాక్టరు సంగతి. ఈ కేసులో మీకున్న బలమంతా అక్కడే ఉంది. ప్రమాదం చేసిన బండికి థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ లేకపోతే, యజమాని పరిహారానికి సరిపడా సెక్యూరిటీ పెడితే తప్ప కోర్టు ఆ బండిని విడుదల చేయకూడదు. మూడు నెలల్లో సెక్యూరిటీ రాకపోతే వేలం వేసి ఆ డబ్బు ట్రిబ్యునల్‌లో జమ చేయాలి. సుప్రీంకోర్టు 2018లో అన్ని రాష్ట్రాలనూ ఈ రూలు పెట్టుకోమంది, 2022లో కేంద్ర నిబంధనల్లోకే వచ్చింది. కానీ ఎవరూ అడ్డుచెప్పకపోతే బండి మామూలు పూచీకత్తు మీద బయటికి పోయే ప్రమాదం ఉంది. విడుదల కోసం వాళ్ళు పిటిషన్ వేస్తారు. ఆ రోజు మీ తరఫున ఒక వకీలు నిలబడి ఈ రూలు చూపించాలి. ఒకసారి ట్రాక్టరు వెళ్ళిపోయాక మీ చేతిలో తీర్పు కాగితం ఉన్నా దాని వెనక డబ్బు ఉండకపోవచ్చు.

నల్లగొండ నేల

తమ్మీ, చదువుతుంటే బాధనిపిస్తుంది. మీ బాధ నిజమే. కానీ అవతల మనిషి కౌలు రైతో ఏమో. వడ్లు అమ్ముకునే రోజుల్లో ట్రాక్టరు స్టేషన్ల మూడు నెలలు పడితే ఆ ఇల్లు నడవదు. మాకు తెలిసినోళ్ళ ఇంట్ల అట్లనే జరిగింది. మీ కారు మీ ఇన్సూరెన్స్ చూసుకుంటది, దవాఖాన ఖర్చు ఆయన పెట్టుకుంటడు. 20,000 కాదు, ఇంకొంచెం ఎక్కువ మాట్లాడుకొని వదిలేస్తే కాదా?

పాత సర్వేయరు

అన్నా, మీరు చెప్పేది మానవత్వంతోనే చెప్తున్నారు. అయితే ఆ కాగితంలో ఒక ప్రమాదం ఉంది, సంతకం వద్దని ముందే అన్నది అందుకే. కంపెనీ మీకు 49,000 కట్టాక ఆ డబ్బు ట్రాక్టరు యజమాని దగ్గర వసూలు చేసుకునే హక్కు దానికి వస్తుంది. మీరు "మాకు ఆయనతో ఏ పేచీ లేదు, అంతా ముట్టింది" అని రాసిస్తే ఆ హక్కును మీరే తుంచేసినట్టు. దాన్ని చూపించి కంపెనీ మీ క్లెయిమ్‌లోంచి కోయొచ్చు, ఆపేయొచ్చు కూడా. కారుకు క్లెయిమ్ పెట్టి, పక్కన రాజీ కాగితం కూడా రాసి, రెండింటి మధ్యా ఇరుక్కున్నవాళ్ళను చాలామందిని చూశాను. రాజీ చేసుకోవాలంటే ముందు కంపెనీకి చెప్పి చేసుకోవాలి.

బెజవాడ వకీలు

నల్లగొండ అన్నా, రాజీకి దారి ఉంది, దాని పేరు లోక్ అదాలత్. అక్కడ తేలింది కోర్టు తీర్పుతో సమానం, దాని మీద అప్పీలు ఉండదు. విడతలుగా కట్టే ఏర్పాటు కూడా రాసుకోవచ్చు. రైతు ఇల్లు కూలకుండా, ఈ అమ్మాయికి అన్యాయం జరగకుండా తేల్చుకునే చోటు అది. రోడ్డు పక్కన పెద్దమనుషులు రాయించే కాగితానికి ఆ విలువ లేదు. ఎముక సరిగా అతక్క మళ్ళీ ఆపరేషన్ పడితే ఆ 20,000 దేనికి చాలుతుంది?

ఒకవేళ కోర్టులో తప్పు ఎవరిదో నిరూపించే శ్రమ వద్దనుకుంటే మోటారు వాహనాల చట్టం సెక్షన్ 164 ఉంది. ఎవరి తప్పో తేల్చకుండానే తీవ్ర గాయానికి 2.5 లక్షలు, మరణానికి 5 లక్షలు, ఇన్సూరెన్స్ లేకపోతే యజమానే ఇవ్వాలి. కానీ అది తీసుకుంటే 166 కింద పెద్ద పరిహారం అడిగే పిటిషన్ ఆగిపోతుంది. రెండూ కుదరవు.

ఆర్‌సీ పాత యజమాని పేరున ఉందన్నావు. ఆయన్ను కూడా పార్టీగా చేర్చు. అమ్మేసినా రిజిస్ట్రేషన్‌లో పేరున్న మనిషే చట్టం దృష్టిలో యజమాని అని 2018లో నవీన్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. బండి అమ్మి పేరు మార్పించకుండా నిశ్చింతగా ఉన్నవాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే, ఈ వారమే ఆర్‌టీఏ ఆఫీసుకు వెళ్ళండి. మీరు అమ్మిన బండి చేసే ప్రమాదానికి మీ పొలం జప్తు కావచ్చు.

విశాఖ డ్రైవింగ్

నాకో సందేహం. అందరికీ 15 లక్షల పర్సనల్ యాక్సిడెంట్ కవర్ ఉంటుంది కదా, ఆవిడకు అందులోంచి రాదా?

పాత సర్వేయరు

రాదు. అది ఓనర్ కమ్ డ్రైవర్‌కు. కారు ఎవరి పేరున ఉందో ఆ మనిషి, లైసెన్స్ ఉండి, ఆ కారులో ఉన్నప్పుడు. అది కూడా మరణానికి, శాశ్వత వైకల్యానికి. విరిగి అతుక్కునే ఎముకకు అందులో పైసా రాదు, ఆసుపత్రి బిల్లూ రాదు. పక్కన కూర్చున్నవాళ్ళ కోసం విడిగా ప్యాసింజర్ కవర్ ఉంటుంది, మనిషికి 2 లక్షల దాకా, ప్రీమియం చాలా తక్కువ. తీసుకునేవాళ్ళే తక్కువ. ఆసుపత్రి ఖర్చుకు హెల్త్ పాలసీ ఉంటే అది వాడుకోవాలి. ప్రమాదాలకు అందులో మొదటి రోజు నుంచే కవర్ ఉంటుంది, 30 రోజుల వెయిటింగ్ రోగాలకే.

బెజవాడ వకీలు

ఇంకో దారి ఉంది, ఇన్సూరెన్స్ లేని బండి కేసుల్లో ఇది చాలా పనికొస్తుంది. ఫుల్ ఇన్సూరెన్స్ ఉన్న కారులో కూర్చున్నవాళ్ళు ఆ కారు థర్డ్ పార్టీ కవర్‌లోకి వస్తారని ఐఆర్‌డీఏ (ఇన్సూరెన్స్ కంపెనీల నియంత్రణ సంస్థ) 2009లో చెప్పింది, సుప్రీంకోర్టు 2012లో ఒప్పుకుంది. ఒట్టి థర్డ్ పార్టీ పాలసీ అయితే రారు. ఇప్పుడు ఇద్దరు డ్రైవర్ల తప్పూ కొంత కొంత ఉందని తేలితే, మధ్యలో నలిగిన ప్యాసింజర్ మొత్తం పరిహారాన్ని ఆ ఇద్దరిలో ఎవరి దగ్గరైనా తీసుకోవచ్చు. ఖెన్యేయి కేసు, 2015. అంటే ట్రాక్టరుకు ఇన్సూరెన్స్ లేకపోయినా మీ కారు కంపెనీ నుంచి మీ ఆవిడకు మొత్తం రావచ్చు, తర్వాత కంపెనీ ట్రాక్టరు వాటా వసూలు చేసుకుంటుంది.

అలాగని మీ తప్పు లేనిచోట ఉన్నట్టు చెప్పమనడం లేదు. అది అబద్ధం, నేరం కూడా. రెండు బండ్లనూ, మీ ఇన్సూరెన్స్ కంపెనీనీ పార్టీలుగా చేర్చండి, ఎవరి తప్పు ఎంతో ట్రిబ్యునల్ తేలుస్తుంది. ట్రాక్టరు ఒక్కదాన్నే పెట్టి కేసు వేస్తే ఈ తలుపు మూసుకుపోతుంది.

రాజమండ్రి రోడ్లు

మా తమ్ముడి కారును బైకు అబ్బాయి వెనక నుంచి గుద్దాడు. ఇన్సూరెన్స్ లేదు. బంపరు పగిలింది, అబ్బాయి కాలు బెణికింది. వాళ్ళ నాన్న "మావాడికే దెబ్బ తగిలింది, మీరే ఇవ్వండి" అంటున్నాడు. ఇన్సూరెన్స్ లేనివాడు మన మీద కేసు వేయగలడా?

పాత సర్వేయరు

వేయగలడు. తన బండికి ఇన్సూరెన్స్ లేనందుకు జరిమానా కడతాడు గానీ తన గాయానికి పరిహారం అడిగే హక్కు పోదు. తప్పు ఎవరిదన్నది వేరే విషయం. అందుకని బంపరు క్లెయిమ్ పెట్టినా పెట్టకపోయినా, అబ్బాయికి దెబ్బ తగిలిందని మీ తమ్ముడి కంపెనీకి రాతపూర్వకంగా చెప్పి ఉంచండి. ఆర్నెల్లకు సమన్లు వస్తే అప్పుడు పరుగెత్తే పని ఉండదు. కంపెనీ వకీలే చూసుకుంటాడు.

విశాఖ డ్రైవింగ్

ఇంకొక్క మాట చెప్పి ఊరుకుంటాను. మా ఆఫీసులో చాలామంది "కొత్త కారు, మూడేళ్ళ ఇన్సూరెన్స్ ఉంది" అనుకుంటున్నారు. 2018 సెప్టెంబరు నుంచి కొత్త కార్లకు మూడేళ్ళు, బైకులకు అయిదేళ్ళు ఇస్తున్నది థర్డ్ పార్టీ మాత్రమే. ఓన్ డ్యామేజ్ సాధారణంగా ఏడాదికే. అది రెన్యూ చేయకపోతే ఇన్సూరెన్స్ లేని బండి మనల్ని గుద్దినప్పుడు మన కారుకు రూపాయి రాదు. పాలసీ కాగితంలో రెండు తేదీలు ఉంటాయి, రెండూ చూడండి. 90 రోజులు దాటితే బోనస్ కూడా పోతుంది.

ఫ్రిస్కో తెలుగు

టెక్సాస్ నుంచి. ఇక్కడ ఇదే సమస్యకు పాలసీలోనే విడి కవర్ ఉంటుంది, అన్‌ఇన్‌ష్యూర్డ్ మోటరిస్ట్ అంటారు. ఎదుటివాడికి ఇన్సూరెన్స్ లేకపోయినా, ఉన్నది చాలకపోయినా మన కంపెనీయే మన దెబ్బలకు, మన కారుకు కడుతుంది. కారు నష్టంలో మనం పెట్టుకోవాల్సింది 250 డాలర్లు. టెక్సాస్‌లో కంపెనీలు దీన్ని తప్పకుండా ఇవ్వజూపాలి, వద్దని మనం రాతపూర్వకంగా చెప్తే తప్ప పాలసీలో ఉన్నట్టే. మన పిల్లలు కొత్తగా యూనివర్సిటీకి వచ్చి, పాత కారు కొని, ప్రీమియం తగ్గుతుందని ఆన్‌లైన్‌లో ఆ వద్దు అన్న గడి మీద సంతకం పెట్టేస్తున్నారు. అమ్మానాన్నలు విజిటర్ వీసా మీద వచ్చి మన కారులో కూర్చున్నప్పుడు వాళ్ళకు కూడా ఈ కవర్ వర్తిస్తుంది. ఇక్కడ ఎదుటివాడి కనీస కవర్ మనిషికి 30,000 డాలర్లే, ఒక్క ఆపరేషన్‌కు చాలదు. దయచేసి పిల్లలకు చెప్పండి.

ఇండియాలో ఇలాంటి కవర్ విడిగా అమ్ముతారా?

పాత సర్వేయరు

ఆ రూపంలో లేదమ్మా. ఇక్కడ ఓన్ డ్యామేజ్, ప్యాసింజర్ కవర్, హెల్త్ పాలసీ, ఈ మూడూ కలిపి మనమే ఆ గోడ కట్టుకోవాలి. అవసరం మాత్రం చాలా ఉంది. రోడ్డు మీది బండ్లలో సగానికి పైగా ఇన్సూరెన్స్ లేదని పార్లమెంటు ఆర్థిక స్థాయీ సంఘమే రాసింది. 75 నుంచి 150 సీసీ బైకు థర్డ్ పార్టీ ప్రీమియం 2022 జూన్ రేట్ల ప్రకారం ఏడాదికి 714. అదీ కట్టడం లేదు మనవాళ్ళు. నాకు కడుపు మండేది ఇక్కడే.

కోదాడ కుర్రాడు

అప్‌డేట్. ఎఫ్‌ఐఆర్ అయింది. ఈలోపు ట్రాక్టరు ఓనరు పాలసీ కాగితం పట్టుకొచ్చి ఇన్సూరెన్స్ ఉందంటున్నాడు. తేదీ ప్రమాదం జరిగిన రోజుదే! ఎంపరివాహన్‌లో కూడా ఇప్పుడు ఉన్నట్టు చూపిస్తోంది. ఇప్పుడేంటి?

బెజవాడ వకీలు

తేదీ కాదు, టైం చూడు. పాలసీ మీద ఎన్ని గంటల నుంచి అమలు అని ఉంటుంది.

కోదాడ కుర్రాడు

రాత్రి 9:12 అని ఉంది సార్. మాకు యాక్సిడెంట్ అయింది 6:40కి. 108కు చేసిన కాల్ నా ఫోన్‌లోనే ఉంది.

బెజవాడ వకీలు

ఆ ఫోన్ జాగ్రత్త. కాల్ చిట్టా స్క్రీన్‌షాట్ తీసి దర్యాప్తు అధికారికి ఇవ్వు. 108 వాళ్ళ రికార్డు, ఆసుపత్రి ఎంట్రీ టైం కూడా తీసుకో. పాలసీలో గంట రాసి ఉంటే అంతకు ముందు జరిగిన ప్రమాదానికి అది పనికిరాదు, సుప్రీంకోర్టు ఎప్పుడో తేల్చింది. పాలసీ అసలైనదేనా అన్నది క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి చూడు. హైదరాబాద్‌లోనే ఇన్సూరెన్స్ ఇన్ఫర్మేషన్ బ్యూరో ఉంది, వాళ్ళ వెబ్‌సైటులో బండి నంబరు, ప్రమాదం తేదీ ఇస్తే ఆ రోజుకు పాలసీ ఉందో లేదో చూడొచ్చు. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 160 కింద పోలీసులు, ఆర్‌టీఏ కూడా ఆ వివరాలు నీకు ఇవ్వాల్సిందే. మంజూరు చేసిన కంపెనీకి కూడా ఒక ఉత్తరం రాయి. ప్రమాదం దాచి పాలసీ తీసుకున్నారని తెలిస్తే వాళ్ళే ముందుకొస్తారు.

నల్లగొండ నేల

ఇది మాత్రం తప్పు చేసిండు ఆయన. నేను మొదట అన్న మాట వేరు, ఇది వేరు. దొంగ కాగితంతోని వచ్చినోడికి నేను సిఫారసు చేయను.

కోదాడ కుర్రాడు

చాలా రోజులకు రాస్తున్నాను. కారు వచ్చింది. పాత సర్వేయరు సార్ లెక్క దాదాపు అట్లాగే తేలింది, నా చేతి నుంచి 13,000 పైన కొంచెం పడింది. ట్రాలీ ఎత్తు నిజంగానే టేపుతో కొలిచారు.

ట్రాక్టరు విడుదలకు వాళ్ళు పిటిషన్ వేశారు. మా వకీలు గారు సెక్యూరిటీ లేకుండా ఇవ్వకూడదని వాదించారు. చివరికి వాళ్ళ బంధువు ఒకాయన పొలం కాగితాలు పూచీగా పెట్టాక బండి ఇచ్చారు. నల్లగొండ అన్నా, ఆయన వడ్లు అమ్ముకున్నాడు, ట్రాక్టరు పొలంలోనే ఉంది. నాకూ అదే కావాలి. పాత ఓనరు, మా కారు కంపెనీ అందరినీ కలిపి ట్రిబ్యునల్‌లో పిటిషన్ వేశాం. వాళ్ళు లోక్ అదాలత్‌కు సిద్ధం అంటున్నారు. ఎంత అడగాలి సార్?

బెజవాడ వకీలు

అంకె ఇప్పుడే చెప్పకు. మీ ఆవిడ చెయ్యి భుజం పైకి పూర్తిగా లేస్తోందా?

కోదాడ కుర్రాడు

లేదు సార్, సగం దాకా లేపి ఆగిపోతోంది. టైలరింగ్ చేసేది, ఇప్పుడు మిషన్ ముందు ఎక్కువసేపు కూర్చోలేకపోతోంది. ఫిజియోథెరపీ నడుస్తోంది.

బెజవాడ వకీలు

అయితే చికిత్స ముగిసి, డాక్టరు ఇక మారదు అన్నాక ప్రభుత్వ ఆసుపత్రి మెడికల్ బోర్డు దగ్గర వైకల్యం ఎంత శాతమో సర్టిఫికెట్ తీసుకోండి. పరిహారంలో పెద్ద భాగం దాని మీదే ఆధారపడుతుంది. టైలరింగ్‌కు చెయ్యే ఆధారం కాబట్టి సర్టిఫికెట్‌లో ఉన్న శాతం కంటే సంపాదన నష్టం ఎక్కువని వాదించవచ్చు. ఆవిడ కుట్టిన బ్లౌజుల ఆర్డర్ల పుస్తకం, ఫోన్‌పేలో వచ్చిన డబ్బుల వివరాలు, దారాలు, లైనింగు కొన్న బిల్లులు అన్నీ తీసి పెట్టు. ఇంట్లో చేసే పనికి కూడా కోర్టు విలువ కడుతుంది, అదీ రాయించు. ఫిజియోథెరపీకి పోయే ఆటో ఖర్చు సహా ప్రతి రసీదూ అసలుదే దాచు, జిరాక్సులు మాత్రమే బయటికి ఇవ్వు. ఇవన్నీ చేతికి వచ్చేదాకా లోక్ అదాలత్ తేదీ వాయిదా అడగండి, ఇస్తారు.

కోదాడ కుర్రాడు

ఆర్డర్ల పుస్తకం ఉంది సార్, కొలతలన్నీ అందులోనే రాసుకుంటుంది. సర్టిఫికెట్ సంగతి సోమవారం ఏరియా ఆసుపత్రికి వెళ్ళి అడుగుతాం. పిటిషన్‌లో ఇంటిపని గురించి రాయలేదు, అది కూడా చేర్పిస్తాను.